మాక్‌బెత్ ఐదు రాత్రుల్లో: మూడు పెన్సిళ్లు, ఒక ప్రశ్న

"సార్, ఆ మంత్రగత్తెలు ఎదురు రాకపోతే వాడు రాజుని చంపేవాడు కాదు కదా?"

డిగ్రీ రెండో ఏడాది క్లాసులో వెనక బెంచీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి పదకొండేళ్లుగా నేను షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' పాఠం చెబుతున్నాను. పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పి రాయించడమే. దురాశ దుఃఖానికి చేటు అన్న ఒక్క ముక్కని ఇంగ్లీషులో నాలుగు పేజీలకి సాగదీసేవాణ్ణి. పిల్లలు బట్టీపట్టి పాసయ్యేవాళ్లు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "పరీక్షలో అడగరులే, కూర్చో అమ్మా" అన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, నోట్సు పక్కన పెట్టి, ఆ ప్రశ్న కోసం నాటకం మొదటి నుంచి చదివాను. పదకొండేళ్లలో అదే మొదటిసారి అని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి మొదలైన పద్ధతే ఇది. సాహిత్యం చదివిన డిగ్రీ అక్కర్లేదు. ఇంగ్లీషు పేపరు కూడబలుక్కుని చదవగలిగితే చాలు.

ముందు పుస్తకం సంగతి. అదే పేజీ కిందో, ఎదురు పేజీలోనో అర్థాలు ఇచ్చిన ఎడిషన్ కొనండి. పాత పుస్తకాల కొట్లో దొరికినా మంచిదే, కానీ వేరేవాళ్లు గీతలు గీసిన కాపీ మాత్రం తీసుకోకండి, వాళ్ల కళ్లతో చదువుతారు. ఎరుపు, నీలం పెన్సిళ్లు ఒక్కొక్కటి, మామూలు నల్ల పెన్సిల్ ఒకటి. ఐదు అంకాలు, ఐదు రాత్రులు. షేక్‌స్పియర్ విషాద నాటకాలన్నిటిలో ఇదే చిన్నది, 'హామ్లెట్'తో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ. రాత్రికి ముప్పావు గంట చాలు. పైకి చదవండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆగొద్దు, వాక్యం మొత్తం అర్థం కాకపోతేనే కిందికి చూడండి.

కథ ముందే తెలిస్తే మజా పోతుందేమో అని భయం వద్దు. మాక్‌బెత్ స్కాట్లండ్ సేనాని. యుద్ధం గెలిచి తోటి సేనాని బాంకోతో వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు కనిపించి, నువ్వు కాడర్ సామంతుడివవుతావు, తర్వాత రాజువవుతావు అంటారు. బాంకోతో, నువ్వు రాజువి కావు, నీ వంశంవాళ్లు అవుతారు అంటారు. మాక్‌బెత్ తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ని నిద్రలో పొడిచి చంపుతాడు, భార్య తోడు నిలుస్తుంది. తర్వాత బాంకోని చంపిస్తాడు, మాక్‌డఫ్ అనే సామంతుడి పెళ్లాం బిడ్డల్ని చంపిస్తాడు. మాక్‌బెత్ భార్య మతి చెదిరి పోతుంది, అతను మాక్‌డఫ్ చేతిలో చస్తాడు. అంతే కథ. ఏం జరిగిందన్నది ఈ నాటకంలో పెద్ద రహస్యం కాదు. జరుగుతున్నప్పుడు ఆ మనిషి లోపల ఏం నడిచిందన్నది చూడాలి.

చరిత్ర కొంచెం తెలిస్తే మంచిది, ఎక్కువ అక్కర్లేదు. నాటకం 1606 ప్రాంతంలో రాసింది. అచ్చయింది మాత్రం 1623లో, షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకి. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కీ రాజయ్యాడు. మంత్రగత్తెల మీద 1597లో స్వయంగా పుస్తకం రాసినవాడాయన. అంతకుముందు 1590-91లో, తన ఓడ మీదికి తుపాను రప్పించారన్న నేరంతో స్కాట్లండ్‌లో కొందరిని విచారించినప్పుడు, ఆయనే కూర్చుని ప్రశ్నలు వేశాడు. అంటే ఆనాటి ప్రేక్షకులకి మంత్రగత్తెలు సింబల్ కాదు, కోర్టు కేసు. ఇంకో ముక్క. షేక్‌స్పియర్ ఈ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో రాజు హత్యలో బాంకోకీ వాటా ఉంది. జేమ్స్ రాజు వంశం తమ మూలపురుషుడు బాంకోనే అని చెప్పుకునేది. నాటకంలో బాంకో చేతులు శుభ్రంగా ఎందుకున్నాయో వేరే చెప్పాలా? అసలు చరిత్రలో మాక్‌బెత్ 1040లో డంకన్‌ని చంపింది యుద్ధంలో, పడకగదిలో కాదు. ఆ తర్వాత 17 ఏళ్లు ఏలాడు. ఆ మనిషిని నాటకంలో వెతక్కండి, దొరకడు.

ఇక పెన్సిళ్లు. ఎవరైనా "కావాలి" అనుకున్న చోట ఎర్ర గీత. కిరీటం కావచ్చు, ఇంకోటి కావచ్చు. చేసినదానికో, చేయబోయేదానికో మనసు పీకిన చోట నీలం. మామూలు లోకంలో జరగని పని జరిగిన చోట నల్ల గీత. ఆ నల్ల గీత పక్కన మాత్రం ప్రతిసారీ ఒక ప్రశ్నకి జవాబు రాయాలి: ఎవరు చూశారు?

నీలం దగ్గర ఒక చిక్కుంది. క్లాసులో 'గిల్ట్' అనే అనేవాణ్ణి, ఇంట్లో మనం కూడా "గిల్టీగా ఉంది" అనే అంటాం. మా ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు. ఒకరోజు నా గీతలు చూసి, "అన్నిటికీ ఒకే నీలమా? పాపభీతి వేరు, పశ్చాత్తాపం వేరు కదా" అంది. ఆ మాట నా పద్ధతిని సగం మార్చేసింది. పాపభీతి పని చేయకముందు ఉండేది. చేశాక చేసింది వెంటాడుతుంది, అది రెండోది. చేసింది తప్పని ఒప్పుకుని, దానివల్ల వచ్చింది వదులుకోవడానికి సిద్ధపడితే పశ్చాత్తాపం. అందుకని నీలం గీత పక్కన 1, 2, 3 అని అంకె వేయండి. మూడో అంకె ఎన్నిసార్లు పడుతుందో చూడండి.

మొదటి రాత్రి

మొదటి రంగం పది పన్నెండు లైన్లే. ఉరుములు, ముగ్గురు మంత్రగత్తెలు, మళ్లీ ఎప్పుడు కలుద్దాం అని మాటలు. నల్ల గీత గీయండి. "ఎవరు చూశారు" అన్నదానికి జవాబు ఇప్పుడు రాయొద్దు, ఖాళీ వదలండి.

రెండో రంగంలో యుద్ధం కబుర్లు. విసుగ్గా ఉంటుంది, గబగబా చదివేయండి. చివర్లో ఒక్క విషయం మాత్రం వదలకండి. ద్రోహం చేసిన కాడర్ సామంతుడికి మరణశిక్ష వేసి, ఆ బిరుదు మాక్‌బెత్‌కి ఇమ్మని డంకన్ ఆజ్ఞ ఇచ్చేస్తాడు. మూడో రంగంలో మంత్రగత్తెలు "కాడర్ సామంతుడా" అని పిలిచేటప్పటికి ఆ పని అయిపోయింది. మాక్‌బెత్‌కీ, పక్కనున్న బాంకోకీ ఇంకా తెలియదు. మా చిన్నప్పుడు వీధిలోకి సోది చెప్పే ఎరుకలసాని వచ్చేది. మా నాయనమ్మ చేయి పట్టుకుని, ఇంట్లో ఈమధ్య ఒక పెద్ద ప్రాణం పోయింది కదమ్మా అనేది. గోడమీద దండేసిన ఫోటో కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఒక్కటి నిజం కాగానే మిగతా అంతా నమ్మి, నాయనమ్మ చేటెడు బియ్యం పోసేది. బాంకో సరిగ్గా ఈ మాటే హెచ్చరిస్తాడు: చిన్న చిన్న నిజాలు చెప్పి నమ్మించి, పెద్దదాంట్లో ముంచుతాయి ఈ చీకటి శక్తులు అని. అక్కడ నల్ల గీత గీసి, "ఎవరు చూశారు" దగ్గర "ఇద్దరూ" అని రాయండి. బాంకో కూడా చూశాడు, మాట్లాడాడు, వాళ్ల గడ్డాలు చూసి ఆశ్చర్యపోయాడు కూడా. అంటే ఈ మంత్రగత్తెలు మాక్‌బెత్ ఊహ కాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు వెతకండి. మంత్రగత్తెల మాటల్లో చంపు అన్న ముక్క ఎక్కడుందో చూడండి. ఉండదు. రాజువవుతావు అన్నారు, ఎలా అన్నది వాళ్లు చెప్పలేదు. హత్య అన్న మాట ఈ విషయంలో మొదట వచ్చేది మాక్‌బెత్ స్వగతంలోనే, కాడర్ వార్త తెలిసిన క్షణాల్లోనే. అంతకుముందే, మంత్రగత్తెలు రాజువంటూ పిలిచినప్పుడు బాంకో అడుగుతాడు: ఇంత మంచి మాట వింటే ఎందుకలా ఉలిక్కిపడ్డావు? శుభవార్త విని ఉలిక్కిపడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? లోపల అప్పటికే దాచుకున్నదాన్ని ఎవరో పైకి అనేస్తే తప్ప ఉలికిపాటు రాదు. అక్కడ ఎర్ర గీత లావుగా గీయండి. ఏడో రంగంలో భార్య, ఈ పని సంగతి మొదట నాతో ఎత్తింది నువ్వే కదా, అప్పుడు సమయమూ చోటూ కుదరకపోయినా నువ్వే కుదురుస్తానన్నావు అని దెప్పుతుంది. ఆ మాటలు ఎప్పుడు జరిగాయో నాటకం చూపించదు. మంత్రగత్తెలకి ముందా, వెనకా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేనైతే ముందే అంటాను.

నాలుగో రంగంలో మీ కంట పడకుండా జారిపోయే నాలుగు లైన్లున్నాయి. ఆ పాత కాడర్ సామంతుడు ఎలా చచ్చాడో డంకన్ కొడుకు మాల్కమ్ చెబుతాడు: తప్పు ఒప్పుకున్నాడు, క్షమించమన్నాడు, నిండు పశ్చాత్తాపంతో పోయాడు. నీలం, అంకె 3. చెబితే నమ్మరు, నాటకం మొత్తంలో నా కాపీలో స్పష్టంగా పడ్డ మూడో అంకె ఇదొక్కటే. అదీ స్టేజి మీదకి రాకుండానే చచ్చిపోయిన మనిషిది. అతని బిరుదు తీసుకున్న మాక్‌బెత్‌కి ఆ చివరి గుణం మాత్రం రాలేదు.

ఏడో రంగం మొదట్లో పెద్ద స్వగతం ఉంది, దానికి పావుగంట ఇవ్వండి. అందులో మాక్‌బెత్ హత్య అన్న మాటని వీలైనంత తప్పించుకుంటూ "అది", "అయిపోతే", "జరిగిపోతే" అంటూ చుట్టూ తిరుగుతాడు. ఇంట్లో చెప్పుకోలేని పని చేసేవాళ్లు "ఆ విషయం" అంటారు చూడండి, అలాగ. చంపకూడదనడానికి కారణాలు ఒక్కొక్కటే లెక్కపెడతాడు: నేను బంధువుని, నేను ఆయన కింది మనిషిని, ఇవాళ ఆయన నా ఇంటి అతిథి, పైగా మంచి రాజు. ఇవన్నీ నీలం, అంకె 1. చంపడానికి ఉన్న కారణం ఒక్కటే, అది ఎరుపు. ఆ చోట వచ్చే 'వాల్టింగ్ అంబిషన్'కి పదకొండేళ్లు "మితిమీరిన ఆశ" అని రాయించాను. తప్పున్నర! అక్కడున్నది గుర్రమెక్కబోయే మనిషి బొమ్మ. ఊపు ఎక్కువై జీను దాటిపోయి అవతలి పక్క పడతాడు. మేం పిల్లలప్పుడు నాన్న పెద్ద సైకిలు పరిగెత్తిస్తూ ఎగిరి ఎక్కబోయి అవతలి కాలవలో పడేవాళ్లం, సరిగ్గా అదే. పడతానని తెలిసీ అంటున్నాడు చూశారా, అందుకే ఈ మనిషిని మామూలు విలన్ అనలేం.

రెండో రాత్రి

గాల్లో కత్తి కనిపించే చోట నల్ల గీత. ఎవరు చూశారు? అతనొక్కడే. పైగా, ఇది నిజం కత్తా, కాగిన బుర్రలోంచి వచ్చిన కత్తా అని తనే అడుగుతాడు. కాస్త తర్వాత వచ్చే ఒక లైను కింద రెండు గీతలు గీయండి: నేను వెళ్తున్న దారే నువ్వు చూపిస్తున్నావు అంటాడు ఆ కత్తితో. వెళ్తున్న దారి! కత్తి దారి మార్చలేదు.

రెండో రంగం ఒంటరిగా చదవొద్దు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. నేను మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను, వంటింట్లో లైటు ఆపేసి. హత్య అయిపోయింది. మొగుడూ పెళ్లాలు చీకట్లో గుసగుసలాడుతున్నారు.

"నువ్వేమైనా అన్నావా?"
"ఎప్పుడు?"
"ఇప్పుడే."
"దిగుతున్నప్పుడా?"
"ఊఁ."

అంతవరకూ పది అక్షరాల లయతో నడిచిన పద్యం ఇక్కడ తునకలై పోతుంది. ఈ ముక్కల్ని గొంతు పెంచకుండా, ఊపిరితో చదవండి. నోట్సులో ఎన్ని పేజీలు రాయించినా రాని సంగతి ఈ ఐదు మాటల్లో ఒంటికి తెలుస్తుంది. అప్పటి గ్లోబ్ థియేటర్లో ఇదంతా మధ్యాహ్నం, పైకప్పు లేని ఆవరణలో, ఎండ వెలుగులో ఆడారని గుర్తుపెట్టుకోండి. చీకటి మొత్తం ఈ మాటల్లోనే రావాలి.

ఈ రంగంలో నీలం పెన్సిల్ అరిగిపోతుంది. ఆమెన్ అనబోతే గొంతులో ఆగిపోయిందంటాడు. "ఇక నిద్రపోవద్దు, మాక్‌బెత్ నిద్రని చంపేశాడు" అని ఎవరో అరిచినట్టు వినిపించిందంటాడు (ఎవరు విన్నారు? అతనే). సముద్రమంత నీళ్లు పోసినా ఈ చెయ్యి కడగలేదు, ఈ చెయ్యే సముద్రాన్ని ఎర్రగా చేస్తుంది అంటాడు. ఆమె మాత్రం, కాసిని నీళ్లు పోస్తే పోతుంది అంటుంది. ఈ లైనుకి పక్కన చుక్క పెట్టుకోండి, ఐదో రాత్రి మళ్లీ రావాలి. ఆమె గట్టి మనిషేం కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది. నిద్రలో ముసలాయన మా నాన్నలా కనపడకపోతే నేనే చంపేదాన్ని అంటుంది. పాపభీతి అంకె 1, ఆమె పక్కన కూడా.

తలుపు చప్పుడు మొదలవుతుంది. చదివేటప్పుడు ఎవరిచేతనైనా నిజంగా తలుపు కొట్టించండి. థామస్ డి క్విన్సీ అనే ఆయన 1823లో ఈ తలుపు చప్పుడు గురించే ఒక వ్యాసం రాశాడు: అంతసేపూ ఆగిపోయిన మామూలు లోకం మళ్లీ కదలడం ఆ చప్పుడుతో మొదలవుతుందని, అందుకే గుండె గుభేలుమంటుందని. చప్పుడు వినగానే మాక్‌బెత్ అనే చివరి మాట, డంకన్‌ని లేపు, నువ్వు లేపగలిగితే బాగుండు అని. అక్కడ నేను 2 వేసి, పక్కన 3 వేసి, ప్రశ్నార్థకం పెట్టాను. ఇరవై ఏళ్లయినా ఆ ప్రశ్నార్థకం చెరపలేదు.

ఆ వెంటనే తాగుబోతు ద్వారపాలకుడి జోకులు. అర్థం కాకపోయినా నవ్వు రాకపోయినా మీ తప్పు కాదు. రెండు నాలుకలవాళ్ల మీద వేసే జోకు 1605లో పార్లమెంటు పేల్చే కుట్ర బయటపడ్డాక నడిచిన విచారణల గాలి తగిలింది. దాటేయండి.

మూడో రాత్రి

ఇది విందు రాత్రి. నాలుగో రంగం దగ్గర భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు సర్ది, ఒకటి ఖాళీగా వదిలి చదవమంటాను. నవ్వుకోండి, కానీ చేసి చూడండి. బాంకోని చంపించి, ఏమీ ఎరగనట్టు, బాంకో కూడా ఉంటే ఎంత బాగుండేది అని మాక్‌బెత్ అంటాడు. కూర్చోబోతే ఖాళీ లేదు, అతని చోటులో బాంకో దెయ్యం కూర్చుని ఉంది. ఎవరు చూశారు? అతను. భార్య చూడలేదు, అతిథులు చూడలేదు. కానీ 1623 అచ్చులోనే దెయ్యం వచ్చి మాక్‌బెత్ చోటులో కూర్చుంటుంది అని రాసుంది. 1611లో గ్లోబ్‌లో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు, వైద్యుడు ఆ దెయ్యం కుర్చీలో కూర్చోవడం తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే జవాబు రెండు ముక్కలు: "అతను, మనం". ఈ రోజుల్లో కొందరు దర్శకులు నటుణ్ణి పంపకుండా కుర్చీ ఖాళీగానే ఉంచుతారు. అప్పుడు మనం కూడా అతిథుల్లో ఒకరమైపోతాం. నాకు దెయ్యం రావడమే ఇష్టం. ఎందుకో చెబుతాను.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు మా ఊరి నాటక సమాజంలో ఒక ముఖ్య పాత్ర నా స్నేహితుడికి ఖాయమైంది. ఆ తేదీల్లో అతనికి కుదరదేమో అని దర్శకుడి చెవిన వేశాను. కుదరదని అతను నాతో అనలేదు. పాత్ర నాకొచ్చింది. ప్రదర్శన రోజు అతను వచ్చి మూడో వరసలో మడత కుర్చీలో కూర్చున్నాడు. నాలుగొందల మంది ఉన్న హాల్లో నాకు ఇంకెవరూ కనపడలేదు. రెండు చోట్ల డైలాగు తప్పాను. తర్వాత లోపలికొచ్చి బాగా చేశావురా అని భుజం తట్టి వెళ్లాడు. అతనికి తెలుసో లేదో ఇప్పటికీ తెలియదు. బతికున్న మనిషే అంత కనపడితే, పోయినవాడు కనపడ్డంలో నాకేం వింత లేదు.

మన భాగవతంలో వృత్రాసురుణ్ణి చంపిన ఇంద్రుణ్ణి బ్రహ్మహత్య ఆకారం దాల్చి తరుముతుంది. ఆయన మానససరోవరంలో తామర తూడులో దాక్కుంటాడు. పాపం బయటి నుంచి తరిమితే దాక్కోవడానికి ఒక తూడైనా ఉంటుంది. మాక్‌బెత్‌ని తరిమేది తన విందులో తన కుర్చీలోనే కూర్చుంది.

విందు చెదిరిపోయాక అతను అనే మాట దగ్గర ఆగండి: నెత్తురులో ఇంతదూరం నడిచాను, ఇక వెనక్కి వెళ్లడమూ అవతలికి దాటడమూ ఒకటే శ్రమ. పశ్చాత్తాపానికి దారి ఉందని తెలిసీ, దూరం లెక్కేసి వద్దనుకున్నాడు. దీనికి ఏ రంగు గీయాలో మీరే తేల్చుకోండి. ఆ వెంటనే, మంత్రగత్తెల దేవత హెకటీ వచ్చే రంగాన్ని వదిలేసినా పరవాలేదు. అది వేరే రచయిత చేయి అని చాలామంది పండితుల అభిప్రాయం, చదివితే మీకూ అలాగే అనిపిస్తుంది.

నాలుగో రాత్రి

కాగే కడవ దగ్గర మూడు ఆకారాలు మూడు మాటలు చెబుతాయి: మాక్‌డఫ్‌తో జాగ్రత్త, స్త్రీ కన్నవాడెవడూ నిన్నేం చేయలేడు, బర్నమ్ అడవి డన్సినేన్ కొండ మీదికి నడిచొచ్చేదాకా నీకు ఓటమి లేదు. హిరణ్యకశిపుడి వరం తెలిసిన మనకి ఇక్కడ లొసుగు ఎక్కడో ఉంటుందని వెంటనే తెలిసిపోతుంది. ఒక్కటే తేడా. హిరణ్యకశిపుడు ఆ షరతులన్నీ తనే ఆలోచించి అడిగి రాయించుకున్నాడు. ఇతను ఎదుటివాళ్లు ఇచ్చిన కాగితం చదవకుండా సంతకం పెట్టాడు.

ఎవరు చూశారు? అతనొక్కడే. వాకిట్లోనే ఉన్న లెనాక్స్‌ని, వాళ్లు నీ పక్కనుంచి వెళ్లలేదా అని అడిగితే, లేదు ప్రభూ అంటాడు. మొదటి రాత్రి "ఇద్దరూ" అని రాసిన చోటు చూసుకోండి. చూసేవాళ్లు తగ్గుతూ వచ్చారు.

ఆ తర్వాత మాక్‌డఫ్ భార్యాపిల్లల హత్య. దీనికి ఏ మంత్రగత్తె జోస్యమూ లేదు, ఏ కిరీటమూ రాదు. నల్ల గీత లేదు, మాక్‌బెత్ వైపు నీలమూ లేదు. ఇంగ్లండ్‌లో నడిచే మూడో రంగం మొదటి సగం సాగుతుంది, ఓపిక పట్టండి. చివర్లో కబురు విన్న మాక్‌డఫ్‌తో, మగాడిలా తట్టుకో అంటారు. తట్టుకుంటాను, కానీ మనిషిలా బాధ కూడా పడాలి కదా అంటాడు. ఈ నాటకంలో మగతనం గురించి అంతమంది అన్ని మాటలన్నాక, సరైన మాట ఇతని నోట వచ్చింది.

ఐదో రాత్రి

మొదటి రంగం: రాజు భార్య నిద్రలో నడుస్తుంది. ఆమెకి నాటకంలో సొంత పేరు కూడా లేదు. ఇక్కడ పద్యం లేదు, వచనమే, అదీ తెగిపోయిన ముక్కలు. ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, అది ఏ రాత్రి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకండి. మొత్తం పద్ధతిలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

ఒకటి, రెండు, ఇక వేళయింది అంటుంది: రెండో అంకంలో కొట్టిన గంట. ముసలాయనలో అంత నెత్తురుంటుందని ఎవరనుకున్నారు అంటుంది: కత్తులు తిరిగి పెట్టడానికి ఆమె లోపలికి వెళ్లినప్పుడు చూసినది, అప్పుడు ఆ మాట అనలేదు. ఫైఫ్ సామంతుడికి ఒక భార్య ఉండేది, ఇప్పుడెక్కడుంది అంటుంది: మాక్‌డఫ్ భార్య. బాంకోని పూడ్చేశారు, గోతిలోంచి రాలేడు అంటుంది: విందు. తలుపు కొడుతున్నారు, రా, పద, పడుకో అంటుంది. చేతులు రుద్దుకుంటూ, అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి వాసన పోదంటుంది. రెండో రాత్రి పెట్టుకున్న చుక్క దగ్గరికి ఇప్పుడు వెళ్లండి.

ఇంకొకటి చాలామంది చూడరు. ఆమె చేతిలో కొవ్వొత్తి ఉంది. అది ఎక్కడిది అని డాక్టరు అడిగితే, ఎప్పుడూ పక్కన దీపం ఉండాల్సిందే, ఆవిడ ఆజ్ఞ అంటుంది పరిచారిక. మొదటి అంకం ఐదో రంగం తీయండి. చిక్కని రాత్రీ రా, నా కత్తి చేసే గాయం కత్తికి కూడా కనపడకూడదు అని చీకటిని పిలిచింది ఈమే.

ఇప్పుడు పుస్తకం మొత్తం ఒకసారి తిరగేసి రంగులు చూడండి. మాక్‌బెత్ వైపు నీలం రెండో అంకంలో ముద్దగా ఉండి, మూడో అంకం తర్వాత దాదాపు ఆగిపోతుంది. ఆమె వైపు అప్పటివరకూ చుక్కలు చుక్కలుగా ఉన్న నీలం ఐదో అంకంలో ఒక్కసారి నిండిపోతుంది. ఒకరి దగ్గర తరిగింది ఇంకొకరి దగ్గర చేరినట్టు. ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తే, ఒకప్పుడు రాత్రి కేక వింటే ఒళ్లు చల్లబడేది, ఇప్పుడు భయం రుచే మర్చిపోయాను అంటాడు. భార్య పోయిందన్న కబురుకి అతను అనే ప్రసిద్ధమైన "రేపు, రేపు, రేపు" మాటల్లో నీలం గీయబోయి పెన్సిల్ ఆపుతారు మీరు. నేనూ ఆపాను. ఒక్క చోట సగం గీశాను: మనసులో వేళ్లూనిన దుఃఖాన్ని పీకేసే మందు లేదా అని డాక్టర్ని అడిగిన చోట. అడిగింది ఆమె కోసమా, తన కోసమా?

బర్నమ్ అడవి కదిలొస్తుంది. చివరి నల్ల గీత. ఎవరు చూశారు? కబురు తెచ్చిన భటుడు చూశాడు, సైన్యం మొత్తం చూసింది. చేతుల్లో కొమ్మలు పట్టుకున్నవాళ్లు వాళ్లే మరి. అందరూ చూసిన ఈ ఒక్కదాంట్లో మాయ ఏమీ లేదు. మాల్కమ్ తన బలగం సంఖ్య తెలియకుండా కొమ్మలు నరికి పట్టుకోమన్నాడు, అంతే. బర్నమ్ ఇప్పటికీ స్కాట్లండ్‌లో డంకెల్డ్ పక్కన, టే నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ పాత అడవి మిగిల్చిన చెట్టని ఒక ముసలి ఓక్‌ని అక్కడ చూపిస్తారు.

పుస్తకం మూసేముందు ఒక పని మిగిలింది. మొదటి రాత్రి, మొదటి రంగం పక్కన "ఎవరు చూశారు" దగ్గర ఖాళీ వదిలారు. అక్కడ స్టేజి మీద మంత్రగత్తెలు తప్ప ఎవరూ లేరు, మాక్‌బెత్ ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు. అందుకని చాలామంది "ఎవరూ చూడలేదు" అని రాసి తెస్తారు. నేను పుస్తకం వెనక్కి ఇచ్చేసి, ఆ పన్నెండు లైన్లూ ఇంకోసారి పైకి చదివి రమ్మంటాను.